ఆముదమా, ఖనిజ తైలమా: ఖఫ్జీ వాకిట్లో కందెన చరిత్ర

సౌదీ అరేబియా ఈశాన్యపు కొసన, కువైట్ సరిహద్దుకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఖఫ్జీ పెట్రోలియం వల్ల పెరిగిన పట్టణం. 1922 డిసెంబరులో ఉఖైర్‌లో కుదిరిన ఒప్పందం నజ్ద్‌కు, కువైట్‌కు నడుమ ఒక తటస్థ మండలాన్ని మిగిల్చింది. ఎవరిదో తేల్చలేక ఉమ్మడిగా వదిలేసిన ఆ ఎడారిలోనూ, దానిని ఆనుకొన్న సముద్రంలోనూ తరువాతి కాలంలో చమురు పడింది. సముద్ర భాగంలో చమురు తీసే హక్కును 1957 డిసెంబరులో సౌదీ నుంచి, 1958లో కువైట్ నుంచి సంపాదించినవాడు యమషిత తారో అనే జపాన్ వ్యాపారి. అతను నెలకొల్పిన అరేబియన్ ఆయిల్ కంపెనీకి 1960 జనవరిలో ఖఫ్జీ సముద్రంలో చమురు తగిలింది. స్వదేశంలో అతనికి ‘అరేబియా తారో’ అన్న పేరు స్థిరపడింది. సౌదీ ఇచ్చిన హక్కు 2000 ఫిబ్రవరిలో గడువు తీరిపోయింది. బయటి ప్రపంచానికి మాత్రం ఈ ఊరి పేరు 1991 జనవరి 29 రాత్రి తెలిసింది. జనాన్ని ఖాళీ చేయించిన పట్టణంలోకి ఆ రాత్రి ఇరాక్ సేనలు చొరబడ్డాయి. ఫిబ్రవరి 1 నాటికి సౌదీ, ఖతార్ దళాలు అమెరికా విమానాల అండతో దాన్ని తిరిగి పట్టుకున్నాయి.

ఇక్కడ పరిశీలించే విషయం వీటన్నిటికంటే చాలా చిన్నది. ఇలాంటి ఊళ్ళో సెలవు రోజున ఇంటి ముందు కారు బానెట్ ఎత్తి, పగిలిన హోస్ మార్చుకొనేవాడు, లేదా బ్రేకు సిలిండర్‌లో కొత్త రబ్బరు వాషర్లు ఎక్కించుకొనేవాడు, వాటిని సులువుగా జార్చడానికి దేన్ని పూయాలన్న ప్రశ్న అది. ఖఫ్జీ నుంచి దమ్మాం సుమారు 300 కిలోమీటర్లు. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 50 డిగ్రీల అంచుకు పోతుంది, సముద్రపు ఉప్పుగాలి ఎప్పుడూ ఉంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రబ్బరు ముసలితనం రెట్టింపు వేగంతో వస్తుందని ఇంజనీర్లు ఉజ్జాయింపుగా లెక్కవేస్తారు. కనుక కారులో ఇనుముకన్నా ముందు రబ్బరే పోతుంది. ప్రతి చిన్న పనికీ ‘సనాయియా’ అని గల్ఫ్‌లో అందరూ పిలిచే వర్క్‌షాపుల వాడకు పోనవసరం లేదని భావించేవారు, పోయే తీరిక లేనివారు, ఆ పనిని వాకిట్లోనే చేసుకుంటారు. అప్పుడు చేతికి అందేది గ్రీజు డబ్బా. దాని తల్లి ఆ ఊరి కింద ఉన్న పెట్రోలియమే. రబ్బరు మీద దాన్ని పూయకూడదని పాత మెకానిక్కులు చెప్తారు. ఎందుకని అడిగితే చాలామందికి తెలియదు. తెలిసినవారిలోనూ ఆ నియమం ఏ రబ్బరుకు వర్తిస్తుందో, ఏ కాలానికి చెందిందో చెప్పగలిగేవారు తక్కువ. ఆ నియమానికి ఒక చరిత్ర ఉంది. అందులో తెలుగు నేలకూ కొంత భాగం ఉంది.

కరిగే రబ్బరు

రబ్బరుకూ చమురుకూ ఉన్న వైరం మోటారు కారుకంటే పాతది. నిజానికి రబ్బరు పరిశ్రమ మొదలైందే ఆ వైరాన్ని వాడుకొని. స్కాట్లండ్‌కు చెందిన చార్ల్స్ మాకింటోష్ బొగ్గు తారు నుంచి వచ్చే నాఫ్తాలో రబ్బరు కరుగుతుందని గమనించి, ఆ ద్రావణాన్ని రెండు బట్టల మధ్య పూసి, 1823లో వానకోటుకు పేటెంటు తీసుకున్నాడు. ఎండకు జిగటై, చలికి బిరుసెక్కే ఆ రబ్బరును 1839లో అమెరికాలో చార్ల్స్ గుడ్‌ఇయర్ గంధకంతో కలిపి వేడిచేసి స్థిరపరిచాడు. రబ్బరు అణువులు పొడవాటి హైడ్రోకార్బన్ గొలుసులు. గంధకం వాటి మధ్య వంతెనలు కడుతుంది. ఖనిజ తైలం కూడా హైడ్రోకార్బనే కనుక ఆ గొలుసుల మధ్యకు ఇట్టే దూరుతుంది. వంతెనలు ఉన్నందువల్ల రబ్బరు ఇక కరిగిపోదు, కానీ ఉబ్బుతుంది. ఉబ్బిన రబ్బరు మెత్తబడి, బలం కోల్పోయి, గోటితో గిల్లినా ఊడివస్తుంది.

తోట గొట్టంలో ఇది జరిగితే నీళ్ళు కారతాయి. బ్రేకులో జరిగితే వేరే కథ. బ్రేకు పెడల్ కింద ఉండే మాస్టర్ సిలిండర్‌లో ఒక సన్నని రంధ్రం ఉంటుంది. పెడల్ మీద నుంచి కాలు తీసినప్పుడు ద్రవం ఆ రంధ్రం గుండా వెనక్కు పోయి, పీడనం దిగిపోవాలి. సిలిండర్‌లోని రబ్బరు కప్పు కొద్దిగా ఉబ్బినా ఆ రంధ్రం మూసుకుపోతుంది. కాలు తీసినా బ్రేకులు వదలవు. రాపిడికి చక్రాలు వేడెక్కుతాయి, ద్రవం వ్యాకోచిస్తుంది, పట్టు ఇంకా బిగుస్తుంది. ఇది పనిచేసిన రోజే తెలియదు. రబ్బరు ఉబ్బడానికి కొన్ని రోజులు, కొన్ని వారాలు పడుతుంది. ఇంటి ముందు బాగానే ఉన్న కారు దమ్మాం రహదారి మధ్యలో మొరాయిస్తుంది. అందువల్లనే ఈ చిన్న ప్రశ్నను చిన్నదిగా చూడడానికి వీల్లేదు.

కందెన గొట్టం

‘కందెన’ అన్న మాటను ఈనాడు పాఠ్యపుస్తకాల్లో లూబ్రికెంటుకు సమానార్థకంగా వాడుతున్నారు. పల్లెల్లో దాని అర్థం ఇంకా నిర్దిష్టమైనది. ఎడ్లబండి ఇరుసుకు పూసే నల్లని ముద్ద అది: ఆముదంలో కాల్చిన గడ్డి మసిని కలిపి చేసేది. బండికి వేలాడే వెదురు గొట్టంలో అది ఉండేది. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్న సామెత పుట్టిన మెట్ట భూముల్లో, దీపానికీ తలకూ పొట్టకూ ఇరుసుకూ ఆ చెట్టే దిక్కు.

ఆముదం ఇరుసు మీద నిలిచి ఉండడానికి కారణం దాని చిక్కదనం. ఆ చిక్కదనానికి మూలం రిసినోలిక్ ఆమ్లం; ఆముదంలో దాదాపు 85 నుంచి 90 శాతం అదే. మిగతా వంటనూనెల కొవ్వు ఆమ్లాల్లో లేని ఒక హైడ్రాక్సిల్ సమూహం దాని అణువు నడుమ ఉంటుంది. దీనివల్ల ఆముదం నీటి స్వభావం వైపు, ఆల్కహాల్ స్వభావం వైపు కొంత మొగ్గుతుంది. ఆల్కహాల్‌లో కలుస్తుంది, పెట్రోలులో సరిగా కలవదు. సహజ రబ్బరులోకి కూడా ఖనిజ తైలంలా చొరబడదు. ఇరుసుకు మసి ముద్ద పూసినవారికి రబ్బరుతో పని లేదు కనుక ఈ చివరి గుణం చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

పెట్రోలులో కలవకపోవడమన్న గుణం ముందుగా అక్కరకొచ్చింది. చార్ల్స్ వేక్‌ఫీల్డ్ 1899లో లండన్‌లో పెట్టిన నూనెల కంపెనీ 1909లో మోటార్లకూ విమానాలకూ ఆముదం కలిపిన నూనెను తయారుచేసి, ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచే దానికి ‘క్యాస్ట్రాల్’ అని పేరు పెట్టింది. తరువాత ఆ కంపెనీ పేరే అదైంది. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల్లో ఇంజను మొత్తం గిర్రున తిరిగే రోటరీ రకాలు చాలా ఉండేవి. వాటిలో ఇంధనమూ నూనే ఒకే చోట కలిసి ప్రయాణించేవి. ఖనిజ తైలమైతే పెట్రోలులో పలచబడిపోతుంది. అందుకని ఆముదమే పోశారు. కాలని ఆముదపు తుంపరలు మింగిన పైలట్ల కడుపులు ఏమయ్యేవో చెప్పనవసరం లేదు. హైదరాబాదు రాజ్యంలోని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చెలక భూములు ఆముదానికి పేరుపడ్డవి. తెలంగాణ నుంచి గల్ఫ్‌కు మనుషులు పోవడానికి చాలా ముందే ఆముదం సముద్రాలు దాటింది.

రబ్బరుతో సంబంధం బ్రేకుల దగ్గర కుదిరింది. అమెరికాలో మాల్కం లౌహెడ్ 1910ల చివర ద్రవంతో పనిచేసే బ్రేకులకు రూపం ఇచ్చాడు; లాక్‌హీడ్ బ్రేకులన్న పేరు ఆయనదే. 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ వాటిని వాడింది. మొదట్లో సిలిండర్లలో తోలు కప్పులు ఉండేవి, అవి కారేవి. 1924లో క్రైస్లర్ కంపెనీ వాటి స్థానంలో రబ్బరు కప్పులు పెట్టి ఆ పద్ధతిని నమ్మదగినదిగా చేసింది. ఆ రబ్బరు సహజ రబ్బరు. దాన్ని ఉబ్బించనిది, లోహాన్ని తుప్పు పట్టించనిది, చలికి గడ్డకట్టనిది, కందెనగా కూడా పనికొచ్చేది అయిన ద్రవం కావాలి. ఆల్కహాల్‌లో ఆముదం కలిపిన మిశ్రమాలు అలా వచ్చాయి. వాటి వెంటే కప్పులు ఎక్కించేటప్పుడు పూయడానికి ఆముదం ఆధారంగా చేసిన ఎర్ర గ్రీజు వచ్చింది. బ్రిటిష్ కార్ల మెకానిక్కులు ఇప్పటికీ దాన్ని ‘రెడ్ రబ్బర్ గ్రీజు’ అనే అంటారు. అంబాసిడర్, ఫియట్ కార్లతో పని నేర్చుకున్న భారతీయ మెకానిక్కుల వాడుకలోనూ రబ్బరుకు ఆముదమే క్షేమమన్న మాట మిగిలింది. అది మూఢనమ్మకం కాదు, ఆ కాలపు రబ్బరుకు సరిగ్గా సరిపోయిన శాస్త్రం.

ఆముదపు వ్యవసాయం ఆ తరువాత ఎక్కడికి పోయిందో ఒక మాట. హైదరాబాదులోని పరిశోధకులు హెచ్‌సి-6 అనే పాత రకపు విత్తనాల మీద న్యూట్రాన్లను ప్రయోగించి, 1960లలో ‘అరుణ’ అనే కొత్త రకాన్ని తీశారు. తొమ్మిది నెలలు, అంటే 270 రోజులు పట్టే పంట దానితో 140 రోజులకు వచ్చింది. చెలక రైతుకు అది చిన్న మేలు కాదు. అయినా 1968లో గుజరాత్ విడుదల చేసిన జిసిహెచ్-3 అనే సంకర రకం, దానికి తోడైన నీటి వసతి, ఆముదపు రాజధానిని తెలంగాణ నుంచి పడమటికి మార్చేశాయి. ఇవాళ ప్రపంచపు ఆముదంలో అత్యధిక భాగం భారతదేశానిది, అందులో సింహభాగం గుజరాత్‌ది. నూనెగింజల పరిశోధనకు జాతీయ సంస్థ మాత్రం హైదరాబాదు రాజేంద్రనగర్‌లోనే ఉంది.

రబ్బరులో చీలికలు

1930 ప్రాంతంలో ‘రబ్బరు’ అన్న ఒక్క మాట కింద అనేక పదార్థాలు చేరడం మొదలైంది. అమెరికాలో జోసెఫ్ పాట్రిక్ చేతిలో థయోకాల్, డ్యూపాంట్ ప్రయోగశాలలో నియోప్రీన్, జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ సంస్థలో నైట్రైల్ రబ్బరు పుట్టాయి. మూడింటి లక్ష్యమూ ఒకటే: పెట్రోలుకూ నూనెకూ ఓర్చుకొనే రబ్బరు. నైట్రైల్ రబ్బరులో నైట్రోజన్ ఉన్న సమూహాలు గొలుసు స్వభావాన్ని మార్చేస్తాయి. హైడ్రోకార్బన్ నూనె దానికి ఇక బంధువు కాదు, దూరదు. సరిగ్గా ఆ రోజుల్లోనే డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్‌సెన్ అనే యంత్రకారుడు, తన 72వ ఏట, గాడిలో కూర్చునే గుండ్రని రబ్బరు ఉంగరానికి 1937లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు. నేటి ఓ-రింగ్ అదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం ఆ పేటెంటును తన చేతిలోకి తీసుకొని అందరు తయారీదారులకూ ఇచ్చేసింది. నైట్రైల్‌తో చేసిన ఓ-రింగ్ నూనెలో మునిగి బతుకుతుంది. దాన్ని ఎక్కించేటప్పుడు ఇంజన్ ఆయిల్ పూయడంలో తప్పేమీ లేదు; పూయకపోవడమే తప్పు. పొడిగా తోస్తే మెలిపడి తెగుతుంది.

దీనితో పాత నియమం రెండు ముక్కలైంది. తరువాత 1960లలో ఇథిలీన్, ప్రొపిలీన్ వాయువుల నుంచి చేసిన ఇపిడిఎం రబ్బరు మార్కెట్లోకి వచ్చి దాన్ని మళ్ళీ తలకిందులు చేసింది. వేడినీటికి, ఆవిరికి, ఓజోన్‌కు, రేడియేటర్‌లో పోసే గ్లైకాల్‌కు, బ్రేకు ద్రవానికి ఇపిడిఎం బాగా ఓర్చుకుంటుంది. ఖనిజ తైలానికి మాత్రం సహజ రబ్బరులాగే లొంగిపోతుంది. ఈనాటి కార్ల రేడియేటర్ హోసుల్లో చాలావరకు, బ్రేకు సీళ్ళలో చాలావరకు ఇపిడిఎం ఉంటుంది. ఇక్కడ ఒక వైచిత్రి ఉంది. ఇపిడిఎంకు ముడిసరుకు పెట్రోలియం నుంచే వస్తుంది. అది ఓర్చుకోలేనిదీ పెట్రోలియమే.

ద్రవమూ రబ్బరూ జంటగా మారాలన్న సత్యం సిట్రోయెన్ డిఎస్ కారు చరిత్రలో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు. 1955 పారిస్ ప్రదర్శనలో విడుదలైన ఆ కారులో సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు అన్నీ అధిక పీడనం గల ఒకే ద్రవం మీద నడిచేవి. ఆ ద్రవం మొదట ఆముదం ఆధారంగా చేసిన వృక్షజ తైలం, తరువాత ఎర్రని కృత్రిమ ద్రవం. రెండూ గాలిలోని తేమను పీల్చుకొనే రకాలే. లోపలి ఉక్కు భాగాలకు తుప్పు పట్టేది. విసిగిపోయిన కంపెనీ 1960ల నడుమ ఆకుపచ్చ రంగు వేసిన ఖనిజ తైలానికి మారింది. తుప్పు సమస్య తీరింది. కానీ పాత సీళ్ళు ఖనిజ తైలాన్ని భరించలేవు, కొత్త సీళ్ళు పాత ద్రవాన్ని భరించలేవు. ద్రవంతో పాటు కారులోని ప్రతి సీలునూ, ప్రతి రబ్బరు గొట్టాన్నీ మార్చవలసి వచ్చింది. మెకానిక్కులు పొరబడకుండా కొత్త భాగాలకు ఆకుపచ్చ రంగు వేశారు. ఎర్ర ద్రవపు కారులో ఆకుపచ్చ ద్రవం పోసినవారికి తిరుగుదారి లేదు, రబ్బరంతా తీసి పారేయవలసిందే. ఏ రోజుల్లో తయారైన కారో తెలియకుండా దానికి మేలు చేయడం సాధ్యం కాదని ఫ్రెంచి యజమానులు ఖరీదైన పద్ధతిలో నేర్చుకున్నారు.

గ్రీజు డబ్బాలో ఆముదం

ఖఫ్జీ అంగట్లో దొరికే మామూలు గ్రీజు డబ్బా విషయానికొస్తే, దానిమీద చాలాసార్లు ‘లిథియం’ అన్న మాట ఉంటుంది. గ్రీజంటే నూనెను సబ్బు జాలంలో పట్టి ఉంచిన ముద్ద. 1940ల తొలినాళ్ళలో అమెరికాలో పేటెంట్లు పొందిన లిథియం గ్రీజులు యుద్ధ విమానాలలో నిలబడి, ఆ తరువాత ప్రపంచమంతటా వ్యాపించాయి. వాటిలో ఎక్కువగా వాడే సబ్బు 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లంతో చేసేది. ఆ ఆమ్లం వచ్చేది ఆముదాన్ని హైడ్రోజన్‌తో గట్టిపరచగా! చెలక భూముల ఆముదం మోటారు కందెన నుంచి తొలగిపోలేదు, రూపం మార్చుకొని డబ్బాలోనే ఉంది. అయితే ఆ జాలంలో చిక్కి ఉన్న నూనె ఖనిజ తైలం, డబ్బాలో ప్రధాన భాగం అదే. కాబట్టి లోపల ఆముదం ఉందన్న భరోసాతో బ్రేకు రబ్బరుకు దాన్ని పూయడానికి లేదు. చక్రాల బేరింగులకు అది ప్రాణం. బ్రేకు కప్పులకు విషం.

వాసెలిన్‌ది కూడా ఇదే తీరు. 1872లో రాబర్ట్ చెస్‌బ్రో అమెరికాలో పేటెంటు పొందిన ఈ లేపనం చూడడానికి సాధువుగా ఉంటుంది, చర్మానికి మంచిది, ప్రతి ఇంట్లో దొరుకుతుంది. అది శుద్ధి చేసిన పెట్రోలియమే. ఆటోమాటిక్ గేర్ పెట్టె విప్పి బిగించే నిపుణులు చిన్న ఉక్కు గుండ్లు జారకుండా వాసెలిన్‌తో అతికిస్తారు. తరువాత అది లోపలి నూనెలో కరిగిపోతుంది, అక్కడి సీళ్ళు నూనెకు తట్టుకొనే రకాలు. అదే వాసెలిన్‌ను రేడియేటర్ హోస్ మెడకు పూస్తే ఇపిడిఎం ఉబ్బుతుంది.

మూడో దారిగా వచ్చింది సిలికోన్. 1943లో ఏర్పడిన డౌ కార్నింగ్ సంస్థ తొలి ఉత్పత్తి, విమానాల ఇగ్నిషన్ తీగల్లోకి తేమ చేరకుండా ఆపే సిలికోన్ గ్రీజు. అది సహజ రబ్బరునూ, నైట్రైల్‌నూ, ఇపిడిఎంనూ కూడా పెద్దగా బాధించదు. అందువల్ల అన్నిటికీ ఇదొక్కటే చాలన్న అభిప్రాయం ప్రబలింది. ఆ అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. సిలికోన్ రబ్బరుతో చేసిన హోసులకు సిలికోన్ గ్రీజు పూస్తే పెట్రోలియం సహజ రబ్బరుకు చేసే పనే అది చేస్తుంది. ఇంజను పీల్చే గాలిలోకి దాని ఆవిరి పోతే ఆక్సిజన్ సెన్సరు పాడవుతుంది. పైగా అది ఎండిపోదు. బిగింపు పట్టీ కింద ఎప్పటికీ జారుడుగా ఉండే హోస్, పీడనం పెరిగినప్పుడు ఊడిపోవచ్చు.

బావి అడుగున, బానెట్ కింద

ఖఫ్జీ ముడిచమురు బరువైనది. దాని ఎపిఐ సాంద్రత 28 దరిదాపు, గంధకం 3 శాతానికి కాస్త తక్కువ. దక్షిణాన ఉన్న సఫానియా క్షేత్రం 1951లో బయటపడింది, ప్రపంచంలో అతి పెద్ద సముద్ర చమురు క్షేత్రం. ఖఫ్జీ దాని భూగర్భ కొనసాగింపే. గంధకం ఎక్కువగా ఉన్న చమురు ఉన్నచోట హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువూ ఉంటుంది. నూనెకు ఓర్చుకొనే నైట్రైల్ రబ్బరును ఈ వాయువు వేరే వైపు నుంచి దెబ్బతీస్తుంది: గొలుసుల మధ్య కొత్త గంధకపు వంతెనలు కడుతూ పోయి రబ్బరును బిరుసుగా, పెళుసుగా మారుస్తుంది. గుడ్‌ఇయర్ ఏ గంధకంతో రబ్బరుకు ప్రాణం పోశాడో, అదే గంధకం మోతాదు మించినప్పుడు దాన్ని చంపుతుంది.

ఇలాంటి బావుల కోసం తయారైన రబ్బర్లలో రెండు ముఖ్యమైనవి జపాన్‌లో రూపుదిద్దుకున్నాయి. అసాహి గ్లాస్ కంపెనీ 1975లో మార్కెట్లోకి తెచ్చిన ‘ఆఫ్లాస్’ ఒకటి. నైట్రైల్‌ను హైడ్రోజన్‌తో సంతృప్తపరచి నిప్పన్ జియోన్ 1980లలో అమ్మకానికి పెట్టిన రకం రెండవది. ఈ రెండవది కార్లలోకి వేరే దారిన వచ్చింది. ఓజోన్ పొరను కాపాడడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం తరువాత, 1990ల మొదట్లో కార్ల ఏసీల్లో ఆర్-12 వాయువు పోయి ఆర్-134ఎ వచ్చింది. కొత్త వాయువుకూ, దాని వెంట తిరిగే కొత్త నూనెకూ తగిన ఓ-రింగులు ఈ సంతృప్త నైట్రైల్‌తో చేసి, తరచు ఆకుపచ్చ రంగులో అమ్మారు. 50 డిగ్రీల వేడిలో ఏసీ లేని కారును ఎవరూ కారుగా లెక్కించని ప్రాంతంలో, ఆకుపచ్చ ఉంగరాలను ఎక్కించేవారు కంప్రెసర్ తయారీదారు చెప్పిన నూనెనే వాటికి పూస్తారు. రంగును మాత్రం పూర్తిగా నమ్మడానికి లేదు. రంగు వేయడానికి ఏ చట్టమూ అడ్డురాదు, ఆకుపచ్చవన్నీ ఒకే రబ్బరు కావు.

ఇంతవరకు వచ్చిన చరిత్రలో మెకానిక్కు పనికొచ్చే సూత్రం ఒకటి తేలుతుంది: సీలు ఏ ద్రవంలో బతకబోతున్నదో, ఎక్కించేటప్పుడు ఆ ద్రవాన్నే పూయడం. ఆయిల్ ఫిల్టర్ రబ్బరుకు ఇంజన్ ఆయిల్, బ్రేకు కప్పుకు డబ్బా అప్పుడే తెరిచిన బ్రేకు ద్రవం, రేడియేటర్ హోస్‌కు కొంచెం కూలెంటు కలిపిన నీరు. ఈ పద్ధతి పాతదే, తయారీదారుల పుస్తకాల్లో ఉన్నదే. సబ్బునీరు కూడా జారుడునిస్తుంది కానీ లోహం మీద మిగిలితే తుప్పుకు దారితీస్తుంది. నీటికున్న సుగుణం పని కాగానే ఆరిపోవడం. హోస్ మెడను గట్టిగా పట్టుకుంటుంది. క్యాలిపర్ జారుడు కడ్డీల రబ్బరు తొడుగుల వంటి, ఏ ద్రవంలోనూ మునగని చోట్లకే సిలికోన్, లేదా దానికోసమే చేసిన గ్రీజు.

అన్నిచోట్లా ఏదో ఒకటి పూయాలన్న ఆరాటం కూడా చెరుపే. సిలిండర్ హెడ్ గ్యాస్కెట్‌ను తయారీదారు వేరేగా చెప్పకపోతే పొడిగానే కూర్చోబెట్టాలి. బెరడుతో, కార్క్‌తో చేసిన ఆయిల్ పాన్ గ్యాస్కెట్లకు నూనె రాస్తే బిగించేకొద్దీ పక్కలకు జారి బయటికొస్తాయి, కొన్నిసార్లు చీలతాయి. గ్యాస్కెట్ నిలిచేది రాపిడి వల్లనే. హోస్ ఎక్కడానికి అడ్డుపడేదీ ఆ రాపిడే. రెండింటినీ ఒకే తీరున చూడడం కొత్తగా పని మొదలుపెట్టినవారిలో కనిపించే పొరపాటు.

హోస్ పగుళ్ళన్నిటికీ గ్రీజును నిందించడమూ సరికాదు. ఇపిడిఎం హోసులు బయటికి బాగానే కనిపిస్తూ, చివరల దగ్గర లోపలి నుంచి చీలడాన్ని అమెరికాలోని గేట్స్ సంస్థ ఇంజనీర్లు పరిశోధించారు. కూలెంటు, లోహపు మెడ, హోస్ మూడూ కలిసి చిన్న విద్యుత్ ఘటంలా పనిచేస్తాయనీ, ఆ చర్య రబ్బరులో సన్నని చారలను తెరుస్తుందనీ వారు తేల్చారు. పాత హోస్‌ను మెడ దగ్గర రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడడమే దీనికి పరీక్ష. నడుమ గట్టిగా, చివర మెత్తగా తగిలితే మార్చవలసిన రోజు వచ్చినట్టే.

పేరు లేని సంచిలో, ఏ గుర్తూ లేకుండా దొరికే విడిభాగాల విషయంలో మాత్రం పుస్తకం పనికిరాదు. ప్రయోగశాలలు ఇలాంటి రబ్బరును ఏఎస్‌టీఎం డి-471 అనే పద్ధతిలో పరీక్షిస్తాయి: నిర్దిష్టమైన నూనెలో నిర్దిష్టమైన వేడి దగ్గర, చాలాసార్లు 70 గంటలపాటు, నానబెట్టి బరువునూ ఘనపరిమాణాన్నీ కొలుస్తాయి. దాని పేద బంధువు వాకిట్లోనూ సాధ్యమే. కొత్త హోస్ చివర నుంచి అరంగుళం ముక్కలు రెండు కోసి, ఒకదాన్ని కూలెంటులో, రెండోదాన్ని పూయదలచిన పదార్థంలో, ఖఫ్జీ ఎండ తగిలే చోట మూత పెట్టిన సీసాల్లో రెండు మూడు రోజులు ఉంచి, తీసి, తుడిచి, పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఉబ్బి మెత్తబడిన ముక్క ఏ సీసాలోదో, ఆ సీసాలోని పదార్థం ఆ హోస్‌కు తగదు. బ్రేకు భాగాలకు ఈ పరీక్ష కూడా చాలదు. వాటిని పేరున్న సంచిలో కొనడం, పొరపాటున ఖనిజ తైలం తగిలితే ద్రవంతో సహా రబ్బరు భాగాలన్నిటినీ, బ్రేకు హోసులతో కలిపి మార్చడం తప్ప వేరే మార్గం లేదు.